రత్నం తుడిచిన పుస్తకం

నేను ఒక వర్క్‌బుక్‌ని. రెండో తరగతి ఇంగ్లీషు, తొంభై ఆరు పేజీలు, అట్ట మీద గొడుగు పట్టుకున్న ఏనుగు బొమ్మ. నా సంగతి తర్వాత. ముందు ఒక తల్లి భయం గురించి చెప్పాలి. ఆ భయమే లేకపోతే నాకు చెప్పుకోవడానికి కథంటూ ఉండేది కాదు.

ఆమె పేరు నూకరత్నం. అందరూ రత్నం అంటారు. విశాఖపట్నంలో ఒక ఐదంతస్తుల అపార్టుమెంటుకి వాచ్‌మన్ గంగరాజు భార్య. వయసు ఇరవై ఆరు. ఆమెకు బల్లంటే భయం లేదు, తేలంటే భయం లేదు, సెల్లార్‌లోకి వాన నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చిన రోజున కూడా చీర ఎగదోపుకుని బకెట్లతో తోడిపోసింది తప్ప బెదరలేదు. ఆమెకున్నది ఒక్కటే భయం. తన చదువు ఏడో తరగతిలో ఆగిపోయింది. కూతురు ఝాన్సీ చదువు కూడా అక్కడే ఆగిపోతుందేమోనని.

ఆ భయం నాకూ అంటుకుంది, కాగితానికి చెమ్మ అంటినట్టు. ఇప్పటికీ ఆరలేదు.

నేను పుట్టింది ఏదో ప్రెస్సులో. నాతోపాటు ఒకే రోజున, ఒకే ముఖంతో, వేలమంది తోబుట్టువులు పుట్టారు. అందరి నిండా ఖాళీలే. ఒక వాక్యం సగం దాకా వచ్చి, ఆగి, గీత గీసి ఊరుకుంటుంది. మిగతా సగం పిల్లలు పూరించాలి. ఖాళీగా ఉన్నవాళ్ళని మనుషులు ఎందుకూ కొరగారంటారు గాని, మమ్మల్ని కొనుక్కునేది ఆ ఖాళీల కోసమే. ప్రెస్సులో కట్టలు కట్టి పడేసి ఉన్నప్పుడు నాకో నమ్మకం ఉండేది. ప్రశ్న అందరికీ ఒకటే, ఖాళీ అందరికీ ఒకే పొడవు, కాబట్టి పిల్లలందరూ నా దగ్గర సమానమే అని. అచ్చు వాసన ఇంకా పోని వయసు. ఏం తెలుసు నాకు.

మొదట నన్ను తీసుకెళ్ళింది అదే అపార్టుమెంటులో నాలుగో అంతస్తు పిల్ల ఆద్య. నాలుగు వందల రెండో నంబరు ఇల్లు. నాకు గోధుమరంగు అట్ట వేశారు, దాని మీద ప్లాస్టిక్ అట్ట వేశారు, దాని మీద లేబుల్ అంటించారు. ఇన్ని బట్టలు కట్టి నన్ను ఒక బల్ల మీద పెట్టారు. ఆ బల్ల ఆ పిల్లదే. దీపం ఆ పిల్లదే. పక్కనున్న రెండో కుర్చీ కూడా ఆ పిల్ల కోసమే. అందులో ఒకరోజు వాళ్ళమ్మ మాధురి గారు కూర్చునేవారు, ఒకరోజు బ్యాంకు నుంచి వచ్చిన వాళ్ళ నాన్న కూర్చునేవారు, ఇద్దరికీ కుదరని రోజున ట్యూషన్ టీచరు కూర్చునేది. ఆ కుర్చీ ఖాళీగా ఉండగా నేను చూడలేదు. ఆద్యకి జవాబు తట్టనప్పుడు తల పక్కకి తిప్పేది, అంతే. కుర్చీలోంచి జవాబు వచ్చేది.

తెలివైన పిల్లే, కాదనను. కాకపోతే ఆ పిల్లకి ఒక అలవాటు. పెన్సిలు పట్టుకుంటే నేలలో గునపం దించినట్టు నొక్కి రాసేది.

"అంత గట్టిగా నొక్కకు బంగారం, పేజీ చిరుగుతుంది," అనేవారు మాధురి గారు.

"నొక్కితేనే నల్లగా వస్తుంది మమ్మీ."

ఆ నొక్కుడే తర్వాత ఎంత పని చేసిందో వింటారుగా.

ఏడాది తిరిగేసరికి నేను నిండిపోయాను. ప్రతి పేజీ చివర ఎర్ర సిరా టిక్కు, బంగారు రంగు నక్షత్రం. నిండిన వర్క్‌బుక్ అంటే తాగేసిన కొబ్బరిబోండం. నన్ను అట్టపెట్టెలో వేసి బాల్కనీలోకి నెట్టారు. పాతసామాను వాడి కేక కోసం ఎదురుచూస్తూ పడి ఉన్నాను.

ఆ బాల్కనీ తుడవడానికి వచ్చిన రత్నం పెట్టె ముందు ఆగింది. చీపురు గోడకి ఆనించి, చేతులు కొంగుకి తుడుచుకుని, నన్ను పైకి తీసింది. ఏనుగు బొమ్మని గుర్తుపట్టింది. కూతురికి ఆద్య చదివే బడిలోనే ఉచిత సీటు వచ్చింది. సీటైతే ఉచితంగానే వచ్చింది, పుస్తకాలు మాత్రం ఎవరికి వాళ్ళు తెచ్చుకోవాలి. బడి తెరిచి పది రోజులైంది. ఝాన్సీ పక్కపిల్ల పుస్తకంలోకి తొంగిచూస్తూ కూర్చుంటోంది.

"మేడంగారూ, ఈ బుక్కు పారేస్తారేటండి?"

"అది రాసేసిన బుక్ రత్నం. ఏం చేసుకుంటావ్?"

"రబ్బరెట్టి తుడిసీస్తానండి. మా ఝాన్సీది ఇదే కలాసండి."

మాధురి గారు ఒక క్షణం నా వైపు, ఒక క్షణం ఆమె వైపు చూశారు. మంచి మనిషే. లోపలికి వెళ్ళి రెండు కొత్త రబ్బర్లు, సగం అయిన వైట్‌నర్ సీసా కూడా తెచ్చి ఇచ్చారు.

అలా నేను నాలుగో అంతస్తు నుంచి సెల్లార్‌కి దిగాను. లిఫ్టులో అరనిమిషం ప్రయాణం. మనుషులు దాన్ని దూరం అనుకోరు.

సెల్లార్‌లో స్కూటర్ల వెనక, నీళ్ళ మోటారు గదికి ఆనుకుని ఒక గది. అదే ఇల్లు. మంచం, గ్యాసు పొయ్యి, తాడు మీద బట్టలు, గోడకి దేవుడి పటాలు. కిటికీ లేదు. మధ్యాహ్నం పై ఇళ్ళ పనులు ముగిశాక రత్నం గుమ్మంలో కూర్చుని నన్ను ఒళ్ళో పెట్టుకునేది. అంట్లు తోమి తోమి చిట్లిన వేళ్ళు. ఆ వేళ్ళతో రబ్బరు పట్టుకుని ఒక్కో మాట మీద, బియ్యంలో రాళ్ళు ఏరినంత ఓపిగ్గా రుద్దేది. నక్షత్రాలని కొబ్బరినూనె రాసి నానబెట్టి గోటితో లేపింది. ఎర్ర టిక్కుల మీద వైట్‌నర్ పూసి నోటితో ఊది ఆరబెట్టింది. రబ్బరు పొట్టుని కొంగులో పోగుచేసి బయట దులిపి వచ్చేది.

తొమ్మిది మధ్యాహ్నాలు పట్టింది. ఒకరోజు గంగరాజు భోజనానికి వచ్చి చూసి నవ్వాడు.

"ఏటే, పుస్తకానికి తలంటు పోస్తన్నావా?"

"అందరి పిల్లలకీ తెల్ల కాయితం ఉంది. మన పిల్లకీ ఉండాల."

మనుషుల సంగతి నాకు ఎప్పటికీ పూర్తిగా అర్థం కాదు. ఆమె రుద్దుతున్నంతసేపూ నాకు ఒకటే అనిపించేది, అమ్మా, తుడిచేవి జవాబులమ్మా అని. వాటిని ముందు ఏదైనా కాగితం మీద ఎక్కించి పెట్టుకుంటే రేపు నీ పిల్లకి నువ్వే చెప్పుకోవచ్చు. ఈ సెల్లార్‌లో ఇంగ్లీషు మాట చదివేవాళ్ళు లేరు. జవాబు తెలిసినవాళ్ళ ఇంటి నుంచి వచ్చిన జవాబులు ఇవి. వీటిని చెరిపేస్తే ఈ ఖాళీలు ఎవరు నింపుతారు? కానీ ఆమెకు కావలసింది జవాబులు కాదు. తన కూతురి పుస్తకం తెరిస్తే అందులో ఇంకో పిల్ల కనబడకూడదు. అంతే. ఏడో తరగతిలో తల్లి మంచాన పడితే పుస్తకాలు మూలన పెట్టి పొయ్యి దగ్గరికి వచ్చేసిన మనిషికి, పూరించని గీత అంటే ఇంకా అవకాశం ఉన్నట్టు లెక్క.

తొమ్మిదో రోజున నన్ను తిరగేసి చూసుకుని, "కొత్తదే అయిపోనాది," అని మురిసిపోయింది.

ఝాన్సీకి ఏడేళ్ళు. రెండు పిలకలు, ముందుపన్ను ఊడిన నోరు. నన్ను మొదటిసారి తెరిచి, ముక్కుకి ఆనించి వాసన చూసింది. కొబ్బరినూనె వాసన. నవ్వింది. ఆ పిల్ల నవ్వు చూసి నేనూ కొత్తదాన్నే అనుకున్నాను కాసేపు.

హోంవర్కుకి కూర్చున్నారు. నేల మీద చాప, చాప మీద నేను. ఝాన్సీ ఖాళీ గీత వైపు చూసింది. తల పక్కకి తిప్పింది. పక్కన రత్నం ఉంది. రత్నం నా వైపు చూసింది. చదివింది తెలుగు బడిలో. ఇంగ్లీషు అక్షరాలు తెలుసు ఆమెకు, విడివిడిగా. అవన్నీ ఒకచోట చేరితే మాత్రం బస్టాండులో ముక్కూమొహం తెలియని జనంలా ఉండేవి.

"రాయమ్మా. నీకొచ్చు గదా," అంది.

ఝాన్సీ మళ్ళీ నా వైపు తిరిగింది. ఏమీ అడగలేదు.

ఆ గదికి కిటికీ లేదన్నాను గాని, సాయంత్రం ఐదింటికి కార్లు దిగే ర్యాంపు మీదుగా ఎండ ఏటవాలుగా లోపలికి వచ్చేది. పావుగంట ఉండి పోయేది. మూడో రోజో నాలుగో రోజో ఆ ఎండ నా మీద పడింది. అప్పుడు ఆద్య నొక్కి రాసిన రాతంతా పైకి లేచింది. పెన్సిలు నలుపు పోయింది గాని కాగితంలో పడిన నొక్కు పోలేదు. ఏ రబ్బరుకీ పోదు అది. ఝాన్సీ వేలు పెట్టి తడిమింది. తర్వాత పెన్సిలు తీసుకుని, తడిలో పడిన అడుగుల మీద అడుగు వేసినట్టు, ఆ నొక్కుల్లోంచి నడిచింది.

మర్నాడు బడిలో ఇంగ్లీషు చెప్పే ప్రసూన మిస్ టిక్కు పెట్టింది. నక్షత్రం అంటించింది. క్లాసులో నలభై మందికి పైగా పిల్లలు. పుస్తకాల దొంతర తలదాకా ఉంటుంది. వైట్‌నర్ మచ్చలు ఆవిడ చూసే ఉంటుంది. ఒక్కమాట అనలేదు.

ఆ రోజు నుంచి అదే వరస. ఝాన్సీ బడి నుంచి వచ్చి, ముఖం కడుక్కుని, ఐదింటికి ముందే చాప పరిచేది. కొన్నిచోట్ల ఆద్య మొదట ఒకటి రాసి, తప్పని చెరిపి, ఇంకోటి రాసి ఉండేది. రెండు నొక్కులు ఒకదాని మీద ఒకటి. ఏది లోతుగా ఉంటే అదే నిజం అనుకునేది పిల్ల. చాలాసార్లు సరిపోయేది కూడా.

రత్నానికి కాళ్ళు నేల మీద ఆనేవి కావు. ఏ అంతస్తులో ఇల్లు తుడుస్తున్నా అదే మాట.

"మా పిల్లకి సెప్పక్కర్లేదండి. అయిదయిందంటే సాలు, దానంతటదే కూకుంటాది. అన్నీ స్టార్లేనండి."

వింటున్నవాళ్ళు అవునా అనేవారు. కొందరు నిజంగానే సంతోషించేవారు. ఒకావిడ మాత్రం తన కూతురి వైపు తిరిగి, "చూడు, వాచ్‌మన్ కూతురే అంత బాగా చదువుతుంటే నీకేం రోగం?" అంది. ఆ రాత్రి రత్నం ఈ మాట గంగరాజుకి చెబుతుంటే సంచిలోంచి నేనూ విన్నాను. అది మెచ్చుకోవడమో, ఇంకేదో, రత్నానికి తెలియలేదు. నాకు కొంచెం తెలిసింది.

నక్షత్రాలు నా మీదే ఉన్నాయి, వాటి బరువెంతో నాకు తెలుసు. రాత్రులు సంచిలో టిఫిన్ డబ్బా పక్కన పడుకుని అనుకునేదాన్ని: ఈ పిల్ల రాస్తోంది, ఒక్క ముక్క చదవడం లేదు. పుస్తకాన్ని కదా, నాకు నోరు లేదు. అంత ఒంటరితనం మీకు చెప్పినా అర్థం కాదు. లోపలంతా మాటలే ఉంటాయి, ఒక్కటి బయటికి రాదు.

నవంబరులో యాభై ఎనిమిదో పేజీ వచ్చింది.

ఆ పేజీలో పాఠం లేదు. మీ గురించి మీరు రాయండి అని ఉంది. నా పేరు ఫలానా. మా నాన్న ఫలానా ఉద్యోగం చేస్తారు. మా ఇంట్లో ఇన్ని గదులు. సెలవుల్లో మేము ఫలానా చోటికి వెళ్తాం. అన్నీ ఇంగ్లీషులో, చివర ఖాళీతో. ఎండ వచ్చింది. ఝాన్సీ పెన్సిలు తీసింది. మొదటి గీత మీద తన పేరు తనే రాసుకుంది, అది ఆ పిల్లకి బాగా వచ్చు. మిగతావన్నీ నొక్కుల వెంట రాసుకుంటూ పోయింది.

మర్నాడు క్లాసులో ప్రసూన మిస్ ఒక్కొక్కరిని లేపి చదివించింది. ఝాన్సీ వంతు వచ్చింది. నన్ను రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. తన పేరు చదివింది. అక్కడ ఆగిపోయింది.

"తర్వాతి లైన్, ఝాన్సీ. నువ్వు రాసిందే కదమ్మా."

పిల్ల చేతుల చెమట నా అంచులకి తగులుతోంది. మిస్ దగ్గరికి వచ్చి, వంగి, తనే పైకి చదివింది. మా నాన్న బ్యాంకు మేనేజరు. మా ఇంట్లో నాలుగు గదులు. సెలవుల్లో మేము ఊటీ వెళ్తాం.

"అబద్ధం మిస్!" అని ఒక పిల్ల లేచింది. రెండో అంతస్తు పిల్ల. "వాళ్ళ డాడీ మా వాచ్‌మన్ మిస్! సెల్లార్‌లో ఉంటారు మిస్!"

క్లాసంతా గొల్లుమంది. అందరూ నవ్వుతుంటే ఝాన్సీ కూడా కొంచెం నవ్వింది. తను ఏం రాసిందో తనకు తెలియదు కదా.

ప్రసూన మిస్ మాత్రం నవ్వలేదు. ఆవిడ మొహం మారిపోయింది. నా పేజీలు వెనక్కి తిప్పి, నక్షత్రం ఉన్న ఇంకో పేజీ చూపించి చదవమంది. ఇంకోటి. ఇంకోటి. తర్వాత డైరీలో, అమ్మని తీసుకురా అని రాసింది.

డైరీ సంగతి విని రత్నం ఏమనుకుందో తెలుసా? బహుమతి ఇస్తారనుకుంది. నూకాలమ్మ జాతరకి కట్టుకునే ఆకుపచ్చ చీర కట్టింది. తలలో కనకాంబరాలు పెట్టుకుంది.

"ఎల్తన్నాను. ఏటి ఇస్తారో ఏటో."

"కప్పు ఇస్తే తెచ్చీ. టీ తాగడానికి బాగుంటాది," అన్నాడు గంగరాజు, గేటు తీస్తూ. అతని మొహం కూడా వెలిగిపోతోంది.

బడిలో క్లాసు పక్క వరండాలో రెండు కుర్చీలు వేశారు. రత్నం కుర్చీ అంచు మీద కూర్చుంది. మిస్ నన్ను ఒళ్ళో పెట్టుకుని మెల్లగా చెప్పింది.

"అమ్మా, పాపకి చదవడం రావట్లేదు. అక్షరాలు గుర్తుపడుతుంది, అంతే. ఇన్నాళ్ళూ గమనించలేదు, అది నా తప్పే. కానీ హోంవర్క్ అంతా కరెక్టుగా ఎలా రాస్తోందో నాకర్థం కావట్లేదు. ఇంట్లో ఎవరు చెప్తున్నారు?"

"ఎవులూ సెప్పరండి. దానంతటదే రాసుకుంటాది. అన్నీ స్టార్లే గదండి?"

"రోజూ ఒక గంట ఎవరైనా పక్కన కూర్చుని చదివిస్తే..."

రత్నం ఆవిడ మాట పూర్తి కానివ్వలేదు. "అలాగేనండి," అంది. ఇంకో రెండుసార్లు అలాగేనండి అంది. లేచి నన్ను తీసుకుంది. దారిలో ఒకచోట ఆగి, తలలోంచి పూలు తీసి సంచిలో వేసుకుంది. ఇంకా వాడిపోలేదు అవి.

ఆ సాయంత్రం ఐదింటికి ఆమె చాప మీద ఝాన్సీ పక్కన కూర్చుంది. ఎండ వచ్చింది. నేను తెరిచి ఉన్నాను, ఇంకా రాయని పేజీ దగ్గర. రత్నం చూసింది. వంగి మళ్ళీ చూసింది. చిట్లిన వేలు పెట్టి తడిమింది. తను తొమ్మిది మధ్యాహ్నాలు రుద్ది చెరిపిన నాలుగో అంతస్తు పిల్ల అక్కడే ఉంది.

"దీని మీంచే రాస్తన్నావేటి?"

"ఊఁ."

"మరి సదువుతన్నావా అమ్మా?"

"నాకు రాదు." ఝాన్సీ పెన్సిలు చివర కొరికింది. "నీకూ రాదు కదా."

రత్నం పిల్ల నోట్లోంచి పెన్సిలు తీసి చాప మీద పెట్టింది.

"నన్ను అడక్కపోనావా?"

"అడిగితే నువ్వేడుస్తావని."

రత్నం ఏడవలేదు. పిల్ల కళ్ళ ముందు ఎలా ఏడుస్తుంది? పొయ్యి మీద ఏమీ లేకపోయినా పొయ్యి దగ్గరికి వెళ్ళి అటు తిరిగి కూర్చుంది. "జవాబులన్నీ నా సేత్తోనే తుడిసీసినాను," అని గోడతో అంది. ఎండ పోయింది.

మర్నాడు పొద్దున్న నాలుగు వందల రెండుకి వెళ్ళింది. ఆద్య పాప చదువుకునేటప్పుడు ఒక అరగంట ఝాన్సీని పక్కన కూర్చోబెట్టుకుంటారా అని అడిగింది. మాధురి గారు కాదనలేదు. కాదనే మనిషి కాదు. "ఐదింటికి ఆద్యకి డ్రాయింగ్, ఆరింటికి స్విమ్మింగ్, తర్వాత ట్యూషన్... ఆదివారం పంపించు రత్నం," అన్నారు. ఆదివారం వాళ్ళింటికి చుట్టాలు వచ్చారు. పై ఆదివారం వాళ్ళే ఎక్కడికో వెళ్ళారు. మూడో ఆదివారం రత్నం అడగలేదు. మనుషులు తలుపు మూయకుండానే తలుపు మూసేయగలరు. వాళ్ళకి తెలియను కూడా తెలియదు.

అప్పుడు రత్నం ఒక పని మొదలుపెట్టింది. ఇలాంటి పని లిఫ్టు ఉన్న ఇంట్లో, లిఫ్టు తుడిచే మనిషికే తోస్తుంది.

పిల్లలు స్విమ్మింగుకో డ్రాయింగుకో దిగేటప్పుడు, తిరిగి ఎక్కేటప్పుడు, గుడ్డ పట్టుకుని తనూ లిఫ్టులోకి ఎక్కేది. కొంగు కింద నేను. తలుపు మూసుకోగానే నన్ను తెరిచి ఒక మాట మీద వేలు పెట్టేది.

"పాపా, ఇదేటమ్మా?"

కింది నుంచి ఐదో అంతస్తుకి చేరేలోగా ఒక మాట. ఎక్కువ అడిగితే పిల్లలు విసుక్కుంటారని ఒక్కటే. ఆ మాటని పెదాల మధ్య పెట్టుకుని మెట్ల మీదుగా దిగి వచ్చేది, లిఫ్టులో ఎవరైనా పలకరిస్తే అది పోతుందని.

ఆద్యకి ఈ ఆట బాగా నచ్చింది. టీచరు గొంతు పెట్టేది.

"ఇది నైఫ్ ఆంటీ. చాకు. ముందు కె ఉంది కానీ అది పలకదు."

"పలకందాన్ని ఎందుకెట్టినారు మరి?"

"తెలీదు ఆంటీ. మిస్ అలాగే చెప్పారు."

"మాలాటిదే పాపం. ఉంటాది గాని మాటాడదు," అంది రత్నం. ఆద్య పడీపడీ నవ్వింది. రత్నం కూడా నవ్వింది. నాలుగో అంతస్తు వచ్చింది, తలుపు తెరుచుకుంది, ఆ పిల్ల దిగిపోయింది. రత్నం ఒక్కతే లిఫ్టులో ఉండిపోయి, అద్దం తుడుస్తూ, నైఫ్, నైఫ్ అనుకుంటూ పైకి వెళ్ళింది.

రోజుకి ఐదారు మాటలు పోగయ్యేవి. సాయంత్రం వాటిని ఝాన్సీకి ఇచ్చేది. ఎండ వచ్చే వేళకి మాత్రం చాప గోడవైపు తిప్పి పరిచేది, నొక్కులు కనబడకుండా. ఇద్దరూ అక్షరం అక్షరం కూడగట్టుకుని, తప్పులు చేస్తూ, ఒకరి తప్పు ఒకరు పట్టుకుంటూ చదివేవారు. హోంవర్కులో నక్షత్రాలు తగ్గిపోయాయి. తప్పు గుర్తులు వచ్చాయి. అన్ని తప్పులు నా మీద పడుతుంటే నాకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

జనవరిలో ఒకరోజు రత్నం యాభై ఎనిమిదో పేజీ మళ్ళీ తుడిచింది. రెండోసారి రబ్బరు పడేసరికి అక్కడ నేను ఉల్లిపొరలా అయిపోయాను. ఆ పొర మీద ఝాన్సీ మెల్లగా రాసింది. రాసి, నిలబడి, పైకి చదివింది. మా నాన్న వాచ్‌మన్. మా ఇంట్లో ఒక గది. సెలవుల్లో మేము టెర్రస్ మీదికి వెళ్తాం.

గంగరాజు గుమ్మంలో ఆగి విన్నాడు. ఇంగ్లీషు మాటల మధ్య ఒక మాట గుర్తుపట్టాడు.

"ఏటే, నానూ పుస్తకంలోకి ఎక్కీసినానేటి?"

"ఎక్కీసినావు. దిగు, నీళ్ళ ట్యాంకు నిండిపోతంది," అంది రత్నం. ఆ రాత్రి ఆ గదిలో నవ్వులు వినబడ్డాయి. నా బతుకులో మంచి రోజేదని అడిగితే అదే చెబుతాను.

బడిలో నా అవసరం లేని రోజుల్లో, పిల్ల వెళ్ళాక మధ్యాహ్నం రత్నం తనొక్కతే నన్ను చదువుకునేది. ఎవరైనా చూస్తే నవ్వుతారని సిగ్గు. నన్ను మోటారు గదిలో కరెంటు మీటర్ల పెట్టె పైన దాచేది.

ఫిబ్రవరిలో అపార్టుమెంటు వాళ్ళు మీటింగు పెట్టుకున్నారు. ఇక కుటుంబంతో ఉండే వాచ్‌మన్ వద్దు, యూనిఫాం వేసుకునే సెక్యూరిటీ వాళ్ళని పెట్టుకుందాం అనుకున్నారు. అందులో ఎవరి మీదా కోపం లేదు. గంగరాజుకి ఇంకోచోట పని కూడా చూసిపెట్టారు, తగరపువలస అవతల, ఇంకా కడుతున్న ఇళ్ళ దగ్గర. పరీక్షల దాకా ఉంటామని రత్నం అడిగింది. కొత్తవాళ్ళు సోమవారం వస్తున్నారని చెప్పారు.

సోమవారం పొద్దున్న ఆటోలో సామాను ఎక్కుతున్న చప్పుళ్ళు నాకు వినబడుతూనే ఉన్నాయి. మోటారు గదికి అప్పటికే కొత్త తాళం పడింది. కాసేపటికి తలుపు అవతల రత్నం గొంతు.

"బాబూ, కాస్త తాళం తియ్యండి. లోపల పిల్ల పుస్తకం ఉండిపోనాది."

"తాళంచెవి సూపర్‌వైజర్ దగ్గరుందమ్మా. మధ్యాహ్నం వస్తాడు."

"ఒక్క నిమిషం పనండి బాబూ. మీటరు పెట్టి మీదుంది."

ఆటో హారన్ కొట్టింది. రత్నం కదలలేదు. తలుపుకి ఆమె చెయ్యి ఆనినట్టు చిన్న చప్పుడైంది. అప్పుడు ఆటోలోంచి ఝాన్సీ గొంతు వినబడింది.

"అమ్మా, వచ్చేయ్! ఆ బుక్ వద్దులే. నాకు మొత్తం వచ్చేసింది!"

చెయ్యి తీసిన చప్పుడు. అడుగుల చప్పుడు. ఆటో ర్యాంపు ఎక్కిపోయింది.

ఇదంతా జరిగి ఐదేళ్ళు. నేను ఇంకా మీటర్ల పెట్టె పైనే ఉన్నాను. బల్లి ఒకటి నా వెనక గుడ్లు పెట్టి వెళ్ళింది. మోటారు రోజుకి రెండుసార్లు మాట్లాడుతుంది, అదీ నాతో కాదు. తలుపు సందులోంచి సాయంత్రం ఎండ సన్నటి గీతలా వచ్చి నా దాకా రాకుండానే పోతుంది. వచ్చినా పెద్దగా చూపించేది లేదు. చాలా చోట్ల పల్చబడిపోయాను.

నాకు పగలంతా ఒకటే ఆలోచన. నాకు మొత్తం వచ్చేసింది అంది ఆ పిల్ల. నిజంగా వచ్చి ఉండవచ్చు. నేను కళ్ళారా చూశాను, చదివేది. కానీ నాలో ఇంకా ముప్ఫై పేజీలు మిగిలే ఉన్నాయి. పైగా ఆ పిల్ల సంగతి నాకు తెలుసు. అమ్మ ఏడవకుండా ఉండడానికి ఏ మాటైనా అనగలదు. అడగవలసింది కూడా అడగకుండా నెలల తరబడి ఊరుకోగలదు.

లెక్క ప్రకారం ఝాన్సీ ఈ ఏడు ఏడో తరగతిలో ఉండాలి. వాళ్ళమ్మ ఆగిపోయిన తరగతి.

మీరెప్పుడైనా తగరపువలస వైపు వెళ్తే, కొత్తగా కట్టిన అపార్టుమెంట్ల సెల్లార్లలోకి ఒకసారి దిగి చూడండి. స్కూటర్ల వెనక వాచ్‌మన్ గది ఉంటుంది. గంగరాజు, రత్నం అని అడగండి. పిల్ల కనబడితే ఏ క్లాసని అడిగి ఊరుకోకండి, ఎన్ని మార్కులని అసలే అడగకండి. చేతిలో ఏ కాగితముంటే అది ఇచ్చి, ఇది కాస్త చదివి పెట్టమ్మా అనండి. ఆగితే తొందరపెట్టకండి. పక్కన కూర్చోండి.